విరిగిన బంటుకు చెట్టుకట్టే గతియా?



దసరా కొలువు ఎత్తిన మరుసటి వారం మా చిత్తూరులో ఏ రావిచెట్టు కట్ట దగ్గరికైనా వెళ్లి చూడండి. చినిగిన దేవుడి పటాలు, పాత క్యాలెండర్లు, పగిలిన కుంకుమభరిణెల నడుమ ఒక చిన్న సైన్యం పడి ఉంటుంది. కాలు విరిగిన గుర్రం, తొండం ఊడిన అంబారీ ఏనుగు, ఈటె పోయిన కోటభటుడు, డోలు ఉండి చేయి లేని మేళగాడు. యుద్ధం చూడకుండానే కూలిన సైన్యమిది. దీనిని కూల్చినది శత్రువు కాదు. "భిన్నమైన బొమ్మ ఇంట ఉండరాదు" అన్న ఒక్క వాక్యం.

ఆ వాక్యానికి శాస్త్రంలో ఆధారం లేదనీ, సంప్రదాయంలో అంతకన్నా లేదనీ, లోకవ్యవహారంలో అది హాని చేస్తున్నదనీ నా వాదం. చదువుకున్నది భాషాప్రవీణ గనుక పాత పద్ధతిలోనే వాదిస్తాను. ముందు పూర్వపక్షం, తరువాత సిద్ధాంతం. ఎదుటివారి మాటను బలహీనపరచి చెప్పి గెలవడం వాదం అనిపించుకోదు. అందువల్ల వారి పక్షాన్ని వారికన్నా గట్టిగా చెప్పడానికే ప్రయత్నిస్తాను.

పూర్వపక్షం

మొదటి మాట శాస్త్రానిది. అంగవైకల్యం కలిగిన ప్రతిమను పూజించరాదని ఆగమాలు చెబుతున్నాయి; పురాణాలలో జీర్ణోద్ధారణ విధి ఉన్నది; కాబట్టి విరిగిన బొమ్మను విడిచిపెట్టవలసినదే. రెండవ మాట శకునానిది. కొలువు అంటే ఐశ్వర్యానికి ప్రతీక, నిండుతనానికి గుర్తు. అందులో కుంటి గుర్రం ఉంటే చూసేవారి మనస్సు చివుక్కుమంటుంది. మూడవ మాట ధనానిది. ఇది పైకి చెప్పరు గాని అసలు మాట ఇదే: అతికించే శ్రమకన్నా కొత్తది కొనడం సులువు, బజారు నిండా అచ్చు పోసిన బొమ్మలున్నాయి.

మూడింటికీ వరుసగా సమాధానం చెబుతాను.

శాస్త్రం ఏమంటున్నది?

జీర్ణోద్ధారణ విధి ఉన్న మాట నిజమే. అగ్నిపురాణం చూడండి. పాడైన కొయ్యప్రతిమను అగ్నికి, శిలాప్రతిమను నీటికి, లోహప్రతిమను లోతైన జలానికో సముద్రానికో ఇవ్వమంటుంది. కాని అది దేనిని గురించి చెప్పిన మాట? ప్రతిష్ఠ జరిగిన మూర్తిని గురించి. ప్రాణప్రతిష్ఠ చేసి, నిత్యార్చన జరిపి, అందులో దేవతాసాన్నిధ్యం ఉన్నదని నమ్మిన మూర్తి శిథిలమైతే, ఆ సాన్నిధ్యాన్ని మర్యాదగా మరొక మూర్తిలోనికి పంపే విధానమది. మీ కొలువులోని కోటభటుడికి ఎవరు ప్రాణప్రతిష్ఠ చేశారు? కూరగాయలమ్మే చెట్టియారు బొమ్మకు, క్రికెట్ ఆడే పదకొండుమందికి ఏ మంత్రంతో ఆవాహన జరిగింది? ఆవాహన లేనిచోట ఉద్వాసన ఎక్కడిది? పెళ్లి కానివాడికి విడాకుల పత్రం రాసినట్లున్నది ఈ వ్యవహారం.

పోనీ, శాస్త్రాన్నే పాటిద్దామనుకుంటే సక్రమంగా పాటించండి. చెట్టు మొదట్లో పారవేసి, కుక్క ముట్టేలా, వానకు నానేలా వదిలిరమ్మని ఏ పురాణం చెప్పింది? అగ్నిలో వేయమన్నదాన్ని మీరు వీధిలో వేస్తున్నారు. శాస్త్రం పేరు చెప్పి చేసేది శాస్త్రంలో లేకపోవడం మనకు కొత్తేమీ కాదనుకోండి.

ఇక దైవాల సంగతికే వద్దాం. ఏ పని మొదలుపెట్టినా మొదట మ్రొక్కేది ఎవరికి? ఏకదంతుడికి. ఆ దంతం ఎలా విరిగిందన్న విషయంలో కథలు వేరువేరుగా ఉన్నాయి. పరశురాముడి గొడ్డలి దెబ్బకని ఒకరంటారు, భారతం రాయడానికి ఘంటం చేసుకున్నాడని మరొకరంటారు. విరిగిందన్న విషయంలో మాత్రం భేదాభిప్రాయం లేదు. విరిగిన దంతాన్ని దాచలేదు సరికదా, దానినే పేరు చేసి పిలుచుకున్నాం. మీ కొలువులో పై మెట్టు మీద ఏకదంతుణ్ణి కూర్చోబెట్టి, క్రింది మెట్టు మీద తొండం విరిగిన ఏనుగును అశుభమని వెళ్లగొట్టడం ఏ రకమైన తర్కం?

పూరీ జగన్నాథుడిని చూడండి. చేతులు పూర్తిగా లేని కొయ్యమూర్తి, లోకానికే నాథుడు. 1996లోను, 2015లోను నవకళేబరం జరిగినప్పుడు పాత మూర్తులను పారవేయలేదు. ఆలయ ప్రాంగణంలోనే కోయిలి వైకుంఠమనే చోట, ఆప్తబంధువును సాగనంపినట్లు భూస్థాపితం చేశారు. మనకు పొరుగున ఉన్న కంచికి వద్దాం. అత్తి వరదరాజస్వామి కొయ్యమూర్తి అనంతసరస్సులో నీటి అడుగున ఉంటుంది. 1979లో వెలికి తీశారు, మళ్లీ నలభై ఏళ్లకు 2019లో జులై 1 నుండి ఆగస్టు 17 వరకు వెలికి తీసి, లక్షలాదిమందికి దర్శనం కల్పించి, తిరిగి నీటిలో శయనింపజేశారు. మా చిత్తూరు నుండి బస్సులు నిండి వెళ్లాయి. దానిని పారవేయడం అంటారా? దాచుకోవడం అంటారు.

అన్నిటికన్నా దగ్గరి సాక్ష్యం మా తిరుపతిదే. తాతయ్యగుంట గంగమ్మ జాతర చివర అమ్మవారి మట్టి విశ్వరూపానికి చెంప నరుకుతారు. ఆ విరిగిన మట్టి కోసం జనం ఎగబడతారు. చిటికెడు దొరికితే చాలునని కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చుకుంటారు, రోగం వస్తే మందని దాచుకుంటారు. మే నెలలో పగిలిన మట్టిని దేవుడి గూట్లో పెట్టుకున్న ఇల్లాలే అక్టోబరులో పగిలిన మట్టిబొమ్మ అశుభమంటే నేను దేనిని నమ్మాలి?

శాస్త్రం పేరిట వచ్చిన పూర్వపక్షం ఇక్కడితో నిలువదు.

నిండుతనం అంటే ఏమిటి?

రెండవది శకునం. నిండుగా ఉన్నదే శుభమట. సరే, బొమ్మ ఎలా పుడుతుందో చూసి ఆ తరువాత నిండుతనం గురించి మాట్లాడుకుందాం.

కృష్ణాతీరపు కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో చేసింది. ఒకే కర్రలో మలిచినదని అనుకుంటారు చాలామంది. కాదు. మొండెం వేరు, చేతులు వేరు, తల వేరు, చేతిలోని వస్తువు వేరు. వాటిని చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అతుకు కనిపించకుండా అదే మక్కుతో మెత్తి, ఆరబెట్టి, అరగదీసి, సున్నం పూసి, రంగు వేస్తారు. అంటే, మీ ఇంటికి వచ్చిననాడే ఆ బొమ్మ అతుకుల బొమ్మ. చేయి ఊడిందంటే బొమ్మ చచ్చిందని అర్థం కాదు. ఒక అతుకు విడిందని మాత్రమే అర్థం. చేసినవాడు ఏ పని చేశాడో దానినే మరొకసారి చేస్తే అది మళ్లీ బొమ్మే. కొత్త బొమ్మకూ బాగుచేసిన బొమ్మకూ మధ్య మీరు కల్పించుకున్న అగాధంలో ఉన్నది చింతపిక్కల జిగురంత దూరం.

మా వైపు తిరుపతి బొమ్మ వేరు. కొండ క్రింద అంగళ్లలో అమ్మే ఆలుమగల జంట, ఎర్రచందనపు కర్ర. పెళ్లిలో ఆడపిల్లకు పుట్టింటివారు పెట్టేవారు. కొలువులో మొదటి చోటు దానిదే. ఈ కర్రకొక విశేషమున్నది. పసిపిల్ల నోట పెట్టుకున్నా భయం లేదని పెద్దలు ఆ బొమ్మనే చేతికిచ్చేవారు. వాపు వస్తే సానమీద అరగదీసి గంధం పట్టువేసేవారు. మా అమ్మమ్మగారి జంటలో మగబొమ్మ పాదాలు సగం అరిగిపోయాయి. నేలకు రాసి కాదు, మా చిన్నప్పటి వాపులకు. ఆ బొమ్మ భిన్నమైనదా? మా దృష్టిలో అది పనిచేసిన బొమ్మ. జంటలో ఒకటి చీలితే రెంటినీ వదిలించుకునే ఇళ్లను చూశాను. ఎర్రచందనం శేషాచలం, పాలకొండ, వెలికొండల వంటి కొద్దిపాటి కొండల్లో తప్ప లోకంలో మరెక్కడా సహజంగా పెరగదు. 1995 నుండి అంతర్జాతీయ వర్తకంలో దాని మీద నియంత్రణ ఉన్నది. దొంగరవాణా కేసులు పత్రికల్లో ఆగిన వారం లేదు. ఒక చెట్టు చేవదేరడానికి పట్టే దశాబ్దాలను తలచుకుంటే ఆ జానెడు బొమ్మను కట్టమీద వదిలేయడానికి చేయి ఎలా వస్తుంది?

ఏర్పేడు మండలంలో మాధవమాల అని ఊరున్నది, కొయ్యశిల్పులది. గుడి వాహనాల నుండి చేతిబొమ్మల వరకు చెక్కుతారు. అక్కడ ఒక పెద్దాయనను అడిగాను, విరిగిన బొమ్మలు బాగుచేయించుకోవడానికి జనం వస్తారా అని. ఆయన ఉలి పక్కన పెట్టి, "ఎవరొస్తారు అయ్యోరూ? గుడి గుర్రానికి కాలిరిగితే మోసుకొస్తారు. ఇంటి గుర్రానికి ఇరిగితే చెట్టుకాడ పెట్టేస్తారు. రెండూ మేం చెక్కిందే కదా?" అన్నాడు. ఇంతకన్నా సూటిగా ఏ పండితుడూ చెప్పలేడు. బ్రహ్మోత్సవం వాహనానికి కాలు అతికిస్తే దోషం లేదు గాని, కొలువులోని గుర్రానికి అతికిస్తే దోషమట!

అంతెందుకు, శ్రీకాళహస్తి రాజగోపురం సంగతి గుర్తు చేసుకోండి. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించినది. 2010 మే 26న నిలువునా కూలింది. ఆనాడు మా జిల్లాలో అన్నం ముట్టని ఇళ్లు ఉన్నాయి. కూలినదాన్ని అశుభమని వదిలేశారా? 2017 నాటికి మళ్లీ నిలబెట్టి కుంభాభిషేకం చేశారు. పెద్దదానికి ఒక నీతి, చిన్నదానికి ఒక నీతి ఉండదు.

చదరంగం పెట్టె

శకునం మాట అక్కడితో ఆగితే నాకు ఇంత కోపం ఉండేది కాదు. ఆ మాట బొమ్మల దగ్గర ఆగదు.

నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాలలో ఆటవస్తువుల బీరువాలో కొయ్య చదరంగం పెట్టె ఉండేది. సైనికబొమ్మలతో ఆడే యుద్ధక్రీడలన్నిటికీ మూలపురుషుడు మన చతురంగమే కదా! బాణుడి హర్షచరిత్ర నాటికే దాని ప్రస్తావన ఉన్నది. ఆ పెట్టెలో నల్ల ఏనుగు పైభాగం విరిగింది, రెండు తెల్ల బంట్లు పోయాయి. ఏటా జరిగే సరుకుల తనిఖీలో వచ్చిన పెద్దమనిషి పెట్టె తెరిచి చూసి, "కుంటిదీ గుడ్డిదీ ఎందుకు? కొట్టెయ్యండి" అన్నారు. స్టాకు రిజిస్టరులో 'నిరుపయోగం' అని ఎర్రసిరాతో ఎక్కింది.

ఆ గదిలోనే, పటాలు మోసుకొచ్చిన తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు నిలబడి ఉన్నాడు. పోలియో వచ్చి కాలికి ఇనుప కట్టు ఉన్నవాడు. మధ్యాహ్నం ఆటల గంటలో తక్కినవారంతా మైదానంలో ఉంటే ఆ పెట్టెతో ఆడేది వాడే. పెద్దమనిషి వెళ్లాక వాడు నన్ను అడిగాడు: "ఏనుగుకి తల లేకపోతే నిలువుగా, అడ్డంగా పోలేదా అయ్యోరూ?"

ఆ ప్రశ్నకు ఏ రిజిస్టరులోనూ జవాబు లేదు. తల లేకపోయినా ఏనుగు ఏనుగే. దాని బలం దాని రూపంలో లేదు, ఆటలో దానికిచ్చిన చోటులో ఉన్నది. పాత సామాన్లవాడి దగ్గర తూకానికి పోయిన ఆ పెట్టెను నేను డబ్బిచ్చి తెచ్చాను. రెండు బంట్ల స్థానంలో రెండు చింతపిక్కలు పెట్టాం, ఒక వైపు అరగదీసి తెల్లచేసినవి. ఆ ఏడాదంతా వాడు ఆడాడు. చింతపిక్కతో రాజును కట్టిన రోజు వాడి ముఖం చూడవలసింది.

"అవిటి బొమ్మ అశుభం" అని మీరు ఇంట్లో అన్నప్పుడు వినేది బొమ్మ కాదు. వినే చెవులు వేరే ఉంటాయి. కొలువుకు పేరంటం వచ్చిన ఏ ఇంటి పిల్లో, చంకకర్రతో మెట్లెక్కి వచ్చిన ఏ పొరుగింటి తాతో విని, తన చోటు ఏ మెట్టు మీదనో లెక్క వేసుకుంటారు. అష్టావక్రుణ్ణి చూసి నవ్విన సభను చర్మం చూసి వెలకట్టేవారి సభ అని ఈసడించిన కథ మనదే. పిల్లలకు ఆ కథ చెప్పి, ఆ వెంటనే కుంటి గుర్రాన్ని బయట పారవేయమని వారి చేతికే ఇస్తాం.

లోకం ఏం చేసింది?

హైదరాలీ 1782 డిసెంబరులో కన్నుమూసింది మా చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట శిబిరంలోనే. ఆయన కుమారుడు టిప్పు చేయించుకున్న కొయ్యపులి బొమ్మ ఒకటున్నది: తెల్లసిపాయి మీదపడి కరిచే పులి, పిడి త్రిప్పితే గాండ్రించేది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక దానిని ఇంగ్లండుకు తరలించారు. రెండవ ప్రపంచయుద్ధంలో లండన్ మ్యూజియం కప్పు కూలి దాని మీద పడింది. కొయ్య వందల ముక్కలైంది. తమ జాతివాణ్ణి చంపుతున్న బొమ్మ అది! పగిలింది, పీడ పోయింది అని ఊడ్చిపారవేయడానికి వారికి ఎంత మంచి సాకు! వారు ఆ ముక్కలన్నీ ఏరి, కూర్చి, 1947 నాటికి మళ్లీ ప్రదర్శనలో పెట్టారు. మనవాడి బొమ్మను శత్రువు అతికించుకున్నాడు. మన బొమ్మను మనం చెట్టుకట్టకు చేరుస్తున్నాం.

డెన్మార్కు కథకుడు ఆండర్సన్ 1838లో ఒంటికాలి తగరపు సిపాయి కథ రాశాడు. పాత చెంచా కరిగించి పోసిన ఇరవై అయిదుమందిలో చివరివాడికి లోహం చాలక ఒక కాలే వచ్చింది. తక్కిన ఇరవై నలుగురి పేరు లోకం మరచింది, ఒంటికాలివాడు మిగిలాడు. ఇంగ్లండులో 1893 నుండి బోలు సీసపు సిపాయిలను పోసి అమ్మారు. తల ఊడితే మెడలో అగ్గిపుల్ల గుచ్చి తిరిగి నిలబెట్టడం అక్కడి పిల్లలకు తెలిసిన విద్య. (సీసం విషం. అటువంటి పాత బొమ్మలు దొరికితే పసివారి చేతికివ్వవద్దు.) జపానువారు పగిలిన పాత్రను బంగారుపొడితో అతికిస్తారని వాట్సాప్‌లో నాకు వారానికొకసారి ఎవరో ఒకరు పంపుతూనే ఉన్నారు. అది చూసి చేతులు జోడించే ఎమోజీ పెట్టినవారి ఇంటి బొమ్మలే ఆ కట్టమీద ఉన్నాయి.

చౌక ఎవరికి?

ఇక ధనం. కొత్తది చౌకే, కాదనను. కాని అచ్చులో పోసిన ప్లాస్టరు బొమ్మ కొని, మరుసటేడు పగిలితే మరొకటి కొని, దానినీ చెరువులోకి దించే చౌకలో చేతిపనివాడికి దక్కేదేమిటి? చెరువుకు దక్కేది రంగుల విషం. బాగుచేయించే అలవాటు ఉన్న ఊళ్లోనే బొమ్మ చేసేవాడు బతుకుతాడు. అమ్మకం పండుగనాడే ఉంటుంది, మరమ్మతు ఏడాది పొడుగునా ఉంటుంది.

ఎదుటి గట్టున ఉన్నవారికి కూడా ఒక మాట. బొమ్మ ముక్కు కొంచెం పెచ్చూడితే చాలు, నిలువెల్లా మెరుగు పెయింటు కొట్టించి 'కొత్తగా ఉంది' అని మురిసేవారున్నారు. అది మరమ్మతు కాదు, ముసుగు. డెబ్బై ఏళ్లనాటి కన్నుగీతను ఒక్క కుంచె వేటుతో చెరిపివేయడం పారవేయడంకన్నా పెద్ద తప్పు. పెచ్చు ఊడినచోట మాత్రమే రంగు తాకాలి.

చేయదలచినవారికి నాకు తెలిసిన పద్ధతి చెబుతాను. విరిగిన రోజునే ముక్కలన్నీ ఏరి ఒక అగ్గిపెట్టెలో వేసి, దాని మీద బొమ్మ పేరు రాయండి. సగం బొమ్మలు చచ్చేది ముక్క పోయినందువల్లనే. పాత జిగురు, దుమ్ము గీకకుండా కొత్త జిగురు పట్టదు. క్షణంలో అంటుకునే జిగురు బరువు లేని చోటికి, అంటే కిరీటానికో కత్తికో పనికివస్తుంది. బరువు మోసే గుర్రపు కాలికి అది చాలదు, చిన్న తాకుడుకే విడిపోతుంది. అక్కడ రెండు వైపులా సన్నని బెజ్జం వేసి, వెదురు చీల దిగగొట్టి, కొయ్యజిగురు పెట్టి, దారంతో చుట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచండి. సందు మిగిలితే రంపపు పొట్టు కలిపిన జిగురు కూరండి. కాల్చిన మట్టిబొమ్మకు రెండు ముద్దలు కలిపి పిసికే ఎంసీల్ వంటిది సరిపోతుంది. కాగితపు గుజ్జు బొమ్మకు కాగితపు గుజ్జే మందు. చేతకాకపోతే సిగ్గుపడక ఆచారిగారి దగ్గరికి తీసుకువెళ్లి, అడిగినంత ఇవ్వండి.

అన్నీ బతకవు. పొడిపొడిగా రాలిపోయిన బొమ్మను ఉంచమని నేననను. రంగులేని మట్టిని మీ పెరటి మట్టిలోనే కలపండి. ఎర్రచందనపు ముక్కను సానపక్కన ఉంచండి. చదరంగపు బలగంలో మిగిలినవి మరొక పెట్టెలో లోటు తీరుస్తాయి. ప్రతిష్ఠ జరిగిన మూర్తి అయితే మాత్రం అర్చకులను అడిగి విధి ప్రకారం చేయండి. అక్కడ నా వాదం వర్తించదు.

నా సిద్ధాంతం ఇంతే: ప్రతిష్ఠ లేని బొమ్మకు భిన్నదోషం లేదు; అతుకు దోషం కాదు; అతికించగలిగీ పారవేయడమే దోషం. కాదనేవారు వ్యాఖ్యలో ప్రమాణం చూపండి. "మా పెద్దలు చెప్పారు" అన్నది ప్రమాణం కాదు, ఏ గ్రంథంలో, ఏ మూర్తిని గురించి చెప్పిందో చూపాలి. చూపితే సాదరంగా జవాబిస్తాను. చూపలేకపోతే, వచ్చే దసరాకు మీ అటకమీది పెట్టెలోని కుంటి గుర్రానికి కాలు పెట్టి, దానిని వెనుక మెట్టున దాచకుండా ముందు వరుసలో నిలబెట్టండి. పేరంటానికి వచ్చినవారు అడుగుతారు. అప్పుడు చెప్పడానికి మీకు ఒక కథ ఉంటుంది. కొత్త బొమ్మకు ధర తప్ప మరేమీ ఉండదు.